ఈరోడ్‌లో నిఖత్‌కు వచ్చిన 'గోల్డెన్ బెస్ట్ బాక్సర్': అసలు ఆ కప్పు విలువ ఎంత?

 

నిఖత్ జరీన్ అంటే మనందరికీ 2022 ఇస్తాంబుల్ గుర్తొస్తది. కానీ దానికి 12 ఏళ్ళ ముందు, 2010లో తమిళనాడులోని ఈరోడ్‌లో జరిగిన జాతీయ పోటీల్లో ఆమెకు ఒక అవార్డు వచ్చింది. దాని పేరు 'గోల్డెన్ బెస్ట్ బాక్సర్'. ఆమె బయోడేటాల్లో ఒక్క లైన్‌లో ఉంటది, చదివి దాటేస్తాం. ఇవాళ ఆ ఒక్క లైన్ మీదే మన ఎపిసోడ్.

ఎందుకంటే మన జిల్లాలో ఇప్పుడు బాక్సింగ్ నేర్చుకుంటున్న పిల్లలు, వాళ్ళ అమ్మానాన్నలు అడిగే ప్రశ్న ఒకటుంది. "నేషనల్స్‌లో బెస్ట్ బాక్సర్ వస్తే లైఫ్ సెట్ అయినట్టేనా?" దీనికి జవాబు చెప్పాలంటే ఆ అవార్డు ఎక్కడి నుంచి వచ్చింది, ఎట్లా ఇస్తారు, దాంతో ఏమొస్తది, ఏం రాదు, ఇవన్నీ వరుసగా చూడాలి.

మెడల్ వేరు, బెస్ట్ బాక్సర్ వేరు

ముందు బేసిక్ విషయం. బాక్సింగ్‌లో అందరూ అందరితో కొట్లాడరు. బరువును బట్టి కేటగిరీలు ఉంటాయి. 48 కిలోల అమ్మాయి 75 కిలోల అమ్మాయితో రింగ్‌లోకి దిగదు. ఒక్కో కేటగిరీలో నాకౌట్ పద్ధతి. ఓడితే ఇంటికే. 16 మంది ఉంటే నాలుగు బౌట్లు గెలిచినోళ్ళకు గోల్డ్. సెమీఫైనల్‌లో ఓడిన ఇద్దరికీ సాధారణంగా బ్రాంజ్ ఇస్తారు.

అంటే టోర్నమెంట్ అయిపోయేసరికి పది పన్నెండు మంది గోల్డ్ మెడలిస్టులు ఉంటారు. వాళ్ళందరిలో ఎవరు బెస్ట్? డ్రా షీట్ దీనికి జవాబు చెప్పలేదు. వాళ్ళు ఒకరితో ఒకరు తలపడనే లేదు గదా. ఇక్కడ మనిషి కన్ను కావాలి. రింగ్ పక్కన కూర్చుని అన్ని బౌట్లూ చూసిన అధికారులు ఆలోచిస్తారు. ఎవరి ఫుట్‌వర్క్ బాగుంది, ఎవరి పంచ్ శుభ్రంగా తగిలింది, ఎవరు గట్టి ప్రత్యర్థుల్ని దాటుకుని వచ్చారు, వెనకబడ్డప్పుడు ఎవరు ఆట మార్చారు. అట్లా ఒక పేరు తేలుస్తారు. అదే బెస్ట్ బాక్సర్.

క్రికెట్‌లో చెప్పాలంటే ఇది ప్లేయర్ ఆఫ్ ది టోర్నమెంట్ లాంటిది. 2003 వరల్డ్ కప్ ఫైనల్ మనం ఓడిపోయాం, అయినా ఆ అవార్డు సచిన్‌కే వచ్చింది. 2023లో కూడా ఫైనల్ ఓడాం, అవార్డు కోహ్లీకి వచ్చింది. కప్పు స్కోర్‌బోర్డ్ ఇస్తది, ఈ అవార్డు మాత్రం చూసినోళ్ళ అభిప్రాయం ఇస్తది. ఈ తేడా మనసులో పెట్టుకోండి, ఎపిసోడ్ మొత్తం దీని మీదే నడుస్తది.

ఈ ఆలోచన ఎక్కడిది?

అమెచ్యూర్ బాక్సింగ్‌లో ఈ రకం అవార్డుల్లో అన్నిటికంటే పేరున్నది ఒలింపిక్స్‌లో ఇచ్చిన వాల్ బార్కర్ ట్రోఫీ. మొదటిసారి 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఇచ్చారు. ఎవరికో తెలుసా? అమెరికాకు చెందిన లూయిస్ లారీ అనే ఫ్లైవెయిట్ బాక్సర్‌కు. ఆయన గెలిచింది బ్రాంజ్. గోల్డ్ కాదు, సిల్వర్ కూడా కాదు. అంటే మొదటి రోజు నుంచే ఈ అవార్డు మెడల్ రంగుతో ముడిపడలేదు. 1968 మెక్సికోలో కెన్యా బాక్సర్ ఫిలిప్ వరుయింగేకు వచ్చినప్పుడు కూడా ఆయనది బ్రాంజే.

1960 రోమ్ సంగతి ఇంకా బాగుంటది. ఆ ఒలింపిక్స్‌లో లైట్ హెవీవెయిట్ గోల్డ్ గెలిచింది 18 ఏళ్ళ కేసియస్ క్లే. తర్వాత ప్రపంచం మొత్తం ముహమ్మద్ అలీ అని పిలుచుకున్న మనిషి. మరి బెస్ట్ బాక్సర్ ట్రోఫీ? అది ఇటలీకి చెందిన నీనో బెన్వెనూటీకి వెళ్ళింది. బెన్వెనూటీ కూడా చాలా గొప్ప బాక్సర్, తర్వాత ప్రొఫెషనల్‌గా ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అవార్డు తప్పని నేను అనట్లేదు. ఆ వారం రోజుల్లో ఎవరు బాగా ఆడారో అది చెప్పింది. రేపు ఎవరు ఏమైతారో అది చెప్పలేదు, చెప్పలేదు కూడా.

1988 సియోల్ అయితే మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. ఫైనల్‌లో అమెరికా బాక్సర్ రాయ్ జోన్స్ జూనియర్, దక్షిణ కొరియా బాక్సర్ పార్క్ సి హున్. టీవీ వాళ్ళ పంచ్ లెక్క ప్రకారం జోన్స్ 86 పంచ్‌లు తగిలించాడు, పార్క్ 32. అయినా జడ్జిలు 3-2తో పార్క్‌ను గెలిపించారు. స్టేడియం మొత్తం నోరు తెరిచింది. ఆ ఒలింపిక్స్‌లో వాల్ బార్కర్ ట్రోఫీ ఎవరికిచ్చారంటే, సిల్వర్‌తో మిగిలిన అదే రాయ్ జోన్స్‌కు. కొన్నిసార్లు ఈ అవార్డు స్కోర్ షీట్ పక్కన రాసిన దిద్దుబాటు లాగా ఉంటది.

ఆడవాళ్ళ బాక్సింగ్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 2012 లండన్‌లో. మహిళలకు విడిగా ఈ ట్రోఫీ 2016 రియోలో క్లారెస్సా షీల్డ్స్‌కు దక్కింది. అంటే 2010లో ఈరోడ్‌లో నిఖత్ ఆ కప్పు పట్టుకునేనాటికి ఒలింపిక్స్‌లో ఆడపిల్లలకు బాక్సింగే లేదు. ఇది గుర్తుపెట్టుకుంటే ఆ కప్పు బరువు కొంచెం తెలుస్తది.

పంచ్ లెక్కపెట్టిన కంప్యూటర్

సియోల్ గొడవ తర్వాత ఏం చేశారో ఒక సాఫ్ట్‌వేర్ మనిషిగా నాకు చెప్పాలనిపిస్తది. కంప్యూటర్ స్కోరింగ్ తెచ్చారు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో ఐదుగురు జడ్జిల ముందు బటన్లు పెట్టారు. ఎర్ర కార్నర్‌కు ఒకటి, నీలం కార్నర్‌కు ఒకటి. పంచ్ తగిలిందనిపిస్తే నొక్కాలి. ఐదుగురిలో కనీసం ముగ్గురు ఒక్క సెకను లోపల అదే బటన్ నొక్కితేనే పాయింట్. ఒక్కడు కావాలని నొక్కినా లాభం లేదు. ఐడియాగా చూస్తే చాలా నీట్‌గా ఉంటది.

కానీ దాంతో వచ్చిన ఇబ్బంది కూడా ఉంది. వరుసగా మూడు నాలుగు పంచ్‌లు వేగంగా పడితే జడ్జి వేలు అంత వేగంగా కదలదు. పక్కటెముకల మీద పడ్డ పంచ్ రింగ్ అవతలి వైపు కూర్చున్నోడికి కనపడదు. దాంతో పిల్లలు కూడా ఆ బటన్ కోసమే ఆడటం నేర్చుకున్నారు. దూరం నుంచి ఒక్కో పంచ్ స్పష్టంగా వేయడం, వెంటనే వెనక్కి రావడం. లెక్క పద్ధతిని మధ్యలో కొద్దికొద్దిగా మార్చారు, కానీ పంచ్‌లు లెక్కపెట్టే రోజులు 2013 దాకా నడిచాయి. తర్వాత రౌండ్ గెలిచినోళ్ళకు 10 పాయింట్లు ఇచ్చే ఇప్పటి పద్ధతి వచ్చింది.

బటన్ లెక్కలోకి రానివి చాలా ఉంటాయి. గార్డ్, బాడీ పంచ్, ధైర్యం, రింగ్‌ను వాడుకునే తెలివి. మెషిన్ వదిలేసిన ఆ భాగాన్ని పట్టుకోవడానికే బెస్ట్ బాక్సర్ లాంటి అవార్డు పనికొచ్చేది.

నిజామాబాద్ నుంచి ఈరోడ్ దాకా

ఇప్పుడు మన ఊరి కథకు వద్దాం. నిఖత్ 1996 జూన్ 14న నిజామాబాద్‌లో పుట్టింది. నాన్న మహ్మద్ జమీల్ అహ్మద్. ముందు పరుగు పందేలకు తయారైంది. గ్రౌండ్‌లో అన్ని ఆటల్లో ఆడపిల్లలు కనపడుతున్నారు, బాక్సింగ్‌లో మాత్రం లేరు. ఎందుకని నాన్నను అడగడం, ఆ ప్రశ్న నుంచే గ్లవ్స్ దాకా రావడం, ఇది ఆమె చాలా ఇంటర్వ్యూల్లో చెప్పిన విషయమే. మొదట్లో సుమారు ఏడాది నాన్నే ట్రైనింగ్ ఇచ్చారు. ప్రాక్టీస్ అంతా మగపిల్లలతోనే.

2009లో విశాఖపట్నంలోని స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా సెంటర్‌లో చేరింది. అక్కడ కోచ్ ఐ.వి. రావు గారు. ఆయనకు 2011లో ద్రోణాచార్య అవార్డు వచ్చింది. ఆ సెంటర్‌లో చేరిన ఏడాదికే ఈరోడ్, గోల్డెన్ బెస్ట్ బాక్సర్.

తర్వాతి ఏడాది, 2011 ఏప్రిల్. టర్కీలోని అంటాల్యాలో ఆడపిల్లల కోసం మొట్టమొదటి జూనియర్, యూత్ ప్రపంచ చాంపియన్‌షిప్ పెట్టారు. ఫైనల్‌లో ఎదురుగా ఆతిథ్య దేశం అమ్మాయి ఉల్కు దెమిర్. స్కోర్ 27-16. గోల్డ్ నిఖత్‌కు. ఆమెకు అప్పటికి 15 ఏళ్ళు కూడా నిండలేదు.

ఇక్కడ చూడండి. ఈరోడ్ కప్పు ఆమెను చాంపియన్ చేయలేదు. అది చేసిన పని వేరే. అన్ని వెయిట్లలోని పిల్లల మధ్య నుంచి "ఈ పిల్లను గమనించండి" అని ఒక పేరును పైకెత్తి చూపించింది. చూసేవాళ్ళలో కోచ్‌లు ఉంటారు, సెలెక్టర్లు ఉంటారు. అట్లా కళ్ళల్లో పడటమే జూనియర్ స్థాయిలో ఈ అవార్డుకున్న అసలు విలువ. 2015లో జలంధర్‌లో జరిగిన ఆల్ ఇండియా ఇంటర్ యూనివర్సిటీ పోటీల్లో కూడా నిఖత్‌కే బెస్ట్ బాక్సర్ వచ్చింది. అదే ఏడాది అస్సాంలో సీనియర్ నేషనల్స్ గోల్డ్ కూడా.

మన జిల్లాలో ఆమె ఒక్కతే కాదు. హుస్సాముద్దీన్ కూడా నిజామాబాద్ బిడ్డే. బాక్సింగ్ వాళ్ళ ఇంట్లోనే ఉంది, నాన్నే కోచ్. 2018 గోల్డ్ కోస్ట్, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్ రెండింట్లోనూ బ్రాంజ్ కొట్టాడు. 2023 తాష్కెంట్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో సెమీస్ దాకా వెళ్ళి, మోకాలి గాయంతో దిగలేక బ్రాంజ్‌తో తిరిగొచ్చాడు.

వయసు ఆగదు

యూత్ బాక్సింగ్‌లో అన్నిటికంటే కఠినమైన రూల్ వయసుది. జూనియర్ అంటే 15, 16. యూత్ అంటే 17, 18. పుట్టిన తేదీ కాదు, పుట్టిన సంవత్సరం చూస్తారు. అంటే ఒక్కో కేటగిరీలో మీకు దొరికేది రెండంటే రెండు క్యాలెండర్ ఏళ్ళు. ఆ రెండేళ్ళలో టోర్నమెంట్ జరగకపోతే, జరిగినా మీకు జ్వరమొస్తే, చెయ్యి విరిగితే, ఇంకో చాన్స్ లేదు. ఎంసెట్ లాగా లాంగ్ టర్మ్ తీసుకోవడానికి ఉండదు.

ఇట్లాంటి ఆటలో మన దేశంలో ఏం జరిగిందో వినండి. 1949 నుంచి ఉన్న ఇండియన్ అమెచ్యూర్ బాక్సింగ్ ఫెడరేషన్‌ను దాని ఎన్నికల గొడవ మీద ప్రపంచ సంస్థ ఏఐబీఏ 2012 డిసెంబర్‌లో సస్పెండ్ చేసింది. 2013లో ఆల్మటీ ప్రపంచ పోటీలకు మన బాక్సర్లు త్రివర్ణ పతాకం కింద కాకుండా ఏఐబీఏ జెండా కింద దిగాల్సి వచ్చింది. 2014లో బాక్సింగ్ ఇండియా అని కొత్త సంస్థ పుట్టింది, 2015లో లోపలి కొట్లాటతో కూలిపోయింది. తర్వాత తాత్కాలిక కమిటీ. చివరికి 2016 సెప్టెంబర్‌లో ఇప్పుడున్న బాక్సింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా వచ్చింది.

లెక్క వేయండి. దాదాపు నాలుగేళ్ళు. 2012 డిసెంబర్‌లో 15 ఏళ్ళున్న పిల్లోడు కొత్త ఫెడరేషన్ వచ్చేసరికి జూనియర్ దాటాడు, యూత్ దాటాడు, సీనియర్లతో కలిసిపోయాడు. నిఖత్ సంగతే తీసుకోండి. 1996లో పుట్టింది కాబట్టి ఆమె యూత్ ఏళ్ళు 2013, 2014. సరిగ్గా ఆ గందరగోళం మధ్యలో. అయినా బల్గేరియాలో జరిగిన యూత్ ప్రపంచ పోటీల్లో సిల్వర్ తెచ్చింది. ఆమె నిలబడింది. నిలబడలేక ఆట వదిలేసినోళ్ళ పేర్లు ఏ రికార్డులోనూ ఉండవు. పెద్దోళ్ళు కుర్చీల కోసం కొట్లాడుకుంటే పోయేది పిల్లల వయసు.

గౌహతి 2017: ఒక పేరు

కొత్త ఫెడరేషన్ వచ్చిన ఏడాదికే, 2017 నవంబర్‌లో మహిళల యూత్ ప్రపంచ చాంపియన్‌షిప్ గౌహతిలో జరిగింది. మన అమ్మాయిలు ఐదు గోల్డ్‌లు కొట్టారు. టోర్నమెంట్ మొత్తానికి బెస్ట్ బాక్సర్‌గా ఎంపికైంది అస్సాం అమ్మాయి అంకుశితా బోరో. సొంత రాష్ట్రంలో, సొంత జనం ముందు ప్రపంచ స్థాయి బెస్ట్ బాక్సర్.

మరి 2024 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన ఆరుగురు భారత బాక్సర్లలో ఆమె పేరు లేదు. ఆమెలో లోపం ఉందని కాదు. ఒక్కో వెయిట్‌లో దేశం నుంచి వెళ్ళేది ఒక్కరే. ఒలింపిక్స్‌లో వెయిట్లు కూడా తక్కువ, అదే వెయిట్ కోసం ఇంకో అరడజను మంది కాచుకుని ఉంటారు. మన నిఖత్ కూడా 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ టైటిల్ గెలిచి, పారిస్‌లో చైనా బాక్సర్ వు యు చేతిలో ప్రీక్వార్టర్స్‌లోనే ఓడింది. బెస్ట్ బాక్సర్ అవార్డు నిన్నటి గురించి చెప్తది. రేపటికి గ్యారంటీ కార్డ్ ఇవ్వదు.

కప్పు షోకేస్‌లో, కాగితం ఫైల్‌లో

ఇప్పుడు మొదట్లో చెప్పిన ప్రశ్న. బెస్ట్ బాక్సర్ వస్తే ఉద్యోగం వస్తదా?

సూటిగా చెప్తా. ఆ కప్పుతో రాదు. కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటా రూల్స్ చూస్తే, అర్హత ఇట్లా ఉంటది. అంతర్జాతీయ పోటీల్లో దేశం తరఫున, జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున, ఇంటర్ యూనివర్సిటీలో యూనివర్సిటీ తరఫున, స్కూల్ నేషనల్స్‌లో రాష్ట్ర స్కూల్ టీమ్ తరఫున ఆడి ఉండాలి. మెడల్ ఉంటే ప్రాధాన్యత పెరుగుతది. ఆ వరుసలో 'బెస్ట్ బాక్సర్' అనే గడి లేదు.

వాటికి నాలుగు సర్టిఫికెట్ ఫారాలు ఉన్నాయి. అంతర్జాతీయ పోటీలకు ఫారం 1, దాని మీద జాతీయ ఫెడరేషన్ కార్యదర్శి సంతకం. జాతీయ పోటీలకు ఫారం 2, రాష్ట్ర సంఘం కార్యదర్శి సంతకం. యూనివర్సిటీకి ఫారం 3. స్కూల్ గేమ్స్‌కు ఫారం 4, విద్యాశాఖ అధికారి సంతకం. టోర్నమెంట్‌లో అక్కడికక్కడ ఇచ్చే రంగుల సర్టిఫికెట్ వేరు, ఈ ఫారం వేరు. ఐదేళ్ళ తర్వాత నోటిఫికేషన్ పడ్డాక సంతకం కోసం తిరగడం మొదలుపెడితే, అప్పటికి సంఘంలో కార్యదర్శి మారిపోయి ఉండొచ్చు, సంఘమే మారిపోయి ఉండొచ్చు. ఇందాక 2012 నుంచి 2016 దాకా కథ ఎందుకు చెప్పానో ఇప్పుడు అర్థమైందా?

మన తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాల్లో 2 శాతం స్పోర్ట్స్ కోటా ఉంది. ఏ ఆటలు, ఏ స్థాయి పోటీలు లెక్కలోకి వస్తాయనేది జీవోల్లో, నోటిఫికేషన్‌లో ఉంటది. షార్ట్ వీడియో చూసి నమ్మకండి, నా వీడియో చూసి కూడా నమ్మకండి. ఆ పీడీఎఫ్ తెరిచి చదవండి.

ఆడుతున్నప్పుడే డబ్బు సాయం కావాలంటే ఖేలో ఇండియా ఉంది. అందులో అథ్లెట్‌గా ఎంపికైన పిల్లలకు ట్రైనింగ్ ఖర్చు కాకుండా నెలకు 10,000 రూపాయలు చేతి ఖర్చులకు ఇస్తారు. దానికి కావాల్సింది పోటీల్లో ప్రదర్శన, సెలెక్షన్ కమిటీ కంట్లో పడటం. బెస్ట్ బాక్సర్ అవార్డు మీకు పరోక్షంగా సాయం చేసేది ఇక్కడే.

అర్జున అవార్డు సంగతి కూడా చెప్పాలి, చాలామంది రెండూ కలిపేస్తారు. అర్జున కేంద్ర ప్రభుత్వం 1961లో మొదలుపెట్టిన అవార్డు. మొదటి ఏడాది బాక్సింగ్‌లో బడ్డీ డిసౌజాకు వచ్చింది. మన నిఖత్‌కు 2022 సంవత్సరానికి, హుస్సాముద్దీన్‌కు 2023 సంవత్సరానికి ఇచ్చారు. అది కొన్నేళ్ళ అంతర్జాతీయ ప్రదర్శన చూసి ఇచ్చేది. బెస్ట్ బాక్సర్ ఒక్క టోర్నమెంట్ చూసి ఇచ్చేది. నిఖత్‌కు 2022లో ప్రపంచ టైటిల్ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన 2 కోట్లు గానీ, 2024లో వచ్చిన డీఎస్పీ పోస్టు గానీ, ఈరోడ్ కప్పు చూసి ఇచ్చినవి కాదు. దాని తర్వాత ఆమె 12, 14 ఏళ్ళు రింగ్ వదలకుండా నిలబడినందుకు వచ్చినవి. మధ్యలో 2017లో భుజం గాయం ఉంది, 2019 ట్రయల్స్‌లో మేరీ కోమ్ చేతిలో ఓటమి ఉంది. అవన్నీ దాటినందుకు వచ్చినవి.

పిల్లలకు, అమ్మానాన్నలకు రెండు మాటలు

తమ్ముడూ, చెల్లే, మీకు బెస్ట్ బాక్సర్ వచ్చిందనుకోండి, సంతోషంగా తీసుకోండి. స్టేటస్ పెట్టుకోండి, దావత్ చేసుకోండి. అన్ని వెయిట్లలోని వాళ్ళను చూసి, ఆట తెలిసినోళ్ళు మీ పేరు రాశారు. చిన్న మాట కాదు. మరుసటి రోజు మాత్రం మళ్ళీ గ్రౌండ్‌కు వెళ్ళండి, ఎందుకంటే ఇప్పుడు అందరూ మీ ఆటనే వీడియో తీసి చూస్తారు.

రాలేదనుకోండి, దాని కోసం ఏడవకండి. కేసియస్ క్లేకు కూడా రాలేదు.

అమ్మానాన్నలకు చెప్పేది ఒకటే. ఏర్గట్ల లాంటి ఊరి నుంచి పిల్లను ఆర్మూర్ మీదుగా నిజామాబాద్ గ్రౌండ్‌కు పంపడం ఎంత కష్టమో, పొద్దున్నే మొదటి బస్ పట్టుకోవడం అంటే ఏంటో మనకు తెలుసు. అంత చేసి కాగితం దగ్గర ఓడిపోవద్దు. పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఆధార్, స్కూల్ రికార్డు మూడింట్లో ఒకే తేదీ ఉందో లేదో ఈ వారమే చూడండి. పుట్టిన సంవత్సరం తేడా ఉంటే కేటగిరీయే మారిపోతది. ప్రతి టోర్నమెంట్ తర్వాత ఏ ఫారం రావాలో అడిగి, సంతకం, ముద్ర ఉందో చూసి, స్కాన్ చేసి దాచండి. ఫోన్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి.

ఈ ఎపిసోడ్ బాక్సింగ్ నేర్చుకునే పిల్లలున్న ఒక్క ఇంటికైనా పంపండి. ఏ ఫారం గురించైనా డౌట్ ఉంటే అడగండి, వచ్చే ఎపిసోడ్‌లో ఒక్కో ఫారం స్క్రీన్ మీద తెరిచి చూద్దాం. అప్పటిదాకా గార్డ్ పైకే ఉంచండి. ఉంటా మరి.